పారదర్శక వాహక ఆక్సైడ్ పొరలు: ధర్మాలు, వినియోగం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

గాజువలె కాంతిని పోనిస్తూ, లోహంవలె విద్యుత్తును ప్రవహింపజేసే పలుచని ఆక్సైడ్ పొరలు నేడు చేతిఫోను తెర మొదలుకొని సౌరఫలకం వరకు విస్తరించి ఉన్నాయి. 1907లో కాడ్మియం ఆక్సైడుతో మొదలై ఇండియం టిన్ ఆక్సైడు వద్ద పరిపూర్ణత పొందిన ఏకరేఖాత్మక ప్రగతిగా ఈ పదార్థాల చరిత్రను చెప్పడం పరిపాటి. ఆ కథనం వాస్తవానికి చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రతి దశలోనూ ఒక నిర్దిష్ట అవసరం పొరలోని ఒక నిర్దిష్ట ధర్మాన్ని ముందుకు తెచ్చింది. ఆ ధర్మమే పదార్థాన్ని ఎంపిక చేసింది. ఈ దృష్టితో గాజు కర్మాగారాలు, సోడియం దీపాలు, ద్రవస్ఫటిక తెరలు, భారతీయ ప్రయోగశాలలు, ఇండియం వనరుల సమస్య అనే ఘట్టాలను వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పారదర్శక వాహకాలు, పలుచని పొరలు, టిన్ ఆక్సైడు, ఇండియం టిన్ ఆక్సైడు, యోగ్యతా సూచి, కీలక ఖనిజాలు, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

పదార్థశాస్త్ర పాఠ్యగ్రంథాలలో పారదర్శక వాహక ఆక్సైడులకు ప్రత్యేక అధ్యాయం ఉంటుంది. ఆ అధ్యాయానికి ముందు చరిత్ర పేరుతో ఒక చిన్న పేరా ఉంటుంది. 1907లో కార్ల్ బెడెకర్, తర్వాత టిన్ ఆక్సైడు, ఆపై ఇండియం టిన్ ఆక్సైడు అన్న వరుస అందులో కనిపిస్తుంది. పరిశోధన పత్రాలు, సిద్ధాంత గ్రంథాలు కూడా ఇదే వరుసను దాదాపు ఇవే మాటలతో తిరిగి చెబుతున్నాయి. సంవత్సరాలు సరైనవే. అయితే వాటి మధ్యనున్న విరామాలకు ఆ పేరాలో సమాధానం దొరకదు. 1907లో కనుగొన్న ధర్మం పరిశ్రమకు చేరడానికి మూడు దశాబ్దాలకు పైగా ఎందుకు పట్టింది? 1951 నాటికే పేటెంటు పొందిన ఇండియం టిన్ ఆక్సైడు 1970ల వరకు టిన్ ఆక్సైడును ఎందుకు వెనక్కు నెట్టలేకపోయింది? కిటికీ అద్దాలలో నేటికీ టిన్ ఆక్సైడే ఎందుకు నిలిచింది?

ఈ ప్రశ్నలు చరిత్రకారులకు మాత్రమే సంబంధించినవి కావు. ఇండియం లభ్యత ఇరుకున పడుతున్న నేటి స్థితిలో, ‘దీనికి ప్రత్యామ్నాయం ఏది?’ అన్న ప్రశ్న ప్రతి ప్రయోగశాలలోనూ వినిపిస్తున్నది. గతంలో ఎంపికలు ఏ ప్రాతిపదికన జరిగాయో తెలిస్తే ఆ ప్రశ్నను మరింత సరిగా అడగడం సాధ్యమవుతుంది.

2. రెండు విరుద్ధ గుణాల పొత్తు

పారదర్శకత, వాహకత సాధారణంగా ఒకే పదార్థంలో ఇమడవు. లోహాలలో ఘన సెంటీమీటరుకు 10²² నుండి 10²³ వరకు స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఇంత సాంద్రత వల్ల వాటి ప్లాస్మా పౌనఃపున్యం అతినీలలోహిత ప్రాంతానికి చేరుతుంది. అంతకంటే తక్కువ పౌనఃపున్యమున్న దృశ్యకాంతిని లోహం వెనక్కు పంపివేస్తుంది. గాజులో శక్తి అంతరం పెద్దది కనుక దృశ్యకాంతి శోషణ పొందదు. కాని విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్లు అందులో ఉండవు.

ఈ రెండింటి నడుమ ఒక సన్నని దారి ఉన్నది. టిన్, ఇండియం, జింకు ఆక్సైడులలో శక్తి అంతరం 3 ఎలక్ట్రాన్ వోల్టులకు మించి ఉంటుంది. అందువల్ల అవి దృశ్యకాంతిని శోషించవు. ఆక్సిజన్ లోపాల ద్వారానో, మాదీకరణం ద్వారానో వాటిలో ఘన సెంటీమీటరుకు 10²⁰ నుండి 10²¹ వరకు ఎలక్ట్రాన్లను ప్రవేశపెట్టవచ్చు. అప్పుడు ప్లాస్మా పౌనఃపున్యం సమీప పరారుణ ప్రాంతంలో నిలుస్తుంది. ఫలితంగా పొర అతినీలలోహిత కిరణాలను శోషిస్తుంది, దృశ్యకాంతిని పోనిస్తుంది, దీర్ఘ తరంగదైర్ఘ్యాల పరారుణాన్ని పరావర్తనం చేస్తుంది. మంచి ఇండియం టిన్ ఆక్సైడు పొర విశిష్ట నిరోధం సుమారు 1 నుండి 2 × 10⁻⁴ ఓమ్-సెంటీమీటర్లు. రాగితో పోలిస్తే ఇది దాదాపు వంద రెట్లు ఎక్కువ. అయినా 100 నానోమీటర్ల మందంగల పొరకు చదరానికి 10 నుండి 20 ఓమ్‌ల నిరోధం సరిపోతుంది.

ఇక్కడొక చిక్కు ఉన్నది. వాహకత పెంచడానికి ఎలక్ట్రాన్ల సంఖ్యను పెంచుకుంటూ పోతే ప్లాస్మా అంచు దృశ్యకాంతి వైపు జరుగుతుంది. మాదీకరణ అయాన్ల వద్ద పరిక్షేపణ పెరిగి ఎలక్ట్రాన్ల చలనశీలత తగ్గుతుంది. కనుక సంఖ్య కంటే చలనశీలతను పెంచడమే మేలైన మార్గం. మరొక వైపు, వహన పట్టీలోని అడుగు స్థాయిలు నిండిపోవడం వల్ల కాంతి శోషణ మొదలయ్యే అంచు అధిక శక్తుల వైపు జరుగుతుంది. 1954లో బర్‌స్టీన్, మాస్ ఇండియం ఆంటిమొనైడు విషయంలో వేర్వేరుగా వివరించిన ఈ ప్రభావం తర్వాత ఆక్సైడ్ పొరల అవగాహనకు ఆధారమైంది.

ఈ పొరలో గుణాలు మూడున్నాయి: విద్యుత్తును మోయడం, కాంతిని పోనివ్వడం, ఉష్ణవికిరణాన్ని వెనక్కు పంపడం. వీటిలో ఎవరికి ఏది, ఎప్పుడు అవసరమైంది అన్నదే తరువాతి చరిత్ర.

3. లైప్‌జిగ్ ప్రయోగం

కార్ల్ బెడెకర్ (1877–1914) ప్రసిద్ధ యాత్రా మార్గదర్శక గ్రంథాల ప్రచురణకర్తల కుటుంబంలో జన్మించారు. లైప్‌జిగ్‌లో ఆయన లోహ సమ్మేళనాల విద్యుద్వాహకతను అధ్యయనం చేశారు. గాజుపై పలుచని లోహపు పొరను నిక్షేపించి, దానిని వేడిచేసి ఆక్సైడుగా మార్చడం ఆయన పద్ధతి. 1907లో ‘అన్నాలెన్ డెర్ ఫిజిక్’ పత్రికలో వెలువడిన పత్రంలో, ఇలా తయారైన కాడ్మియం ఆక్సైడు పొర కాంతిని పోనిస్తూనే చెప్పుకోదగినంతగా విద్యుత్తును ప్రవహింపజేసిందని వివరించారు. ఆ పరిశోధనలలో కాపర్ అయొడైడు కూడా ఉన్నది. అయొడిన్ ఆవిరికి గురిచేస్తే దాని వాహకత మారడం ఆయన గమనించారు. మాదీకరణం అన్న భావన రూపుదిద్దుకోకముందే జరిగిన మాదీకరణమిది.

ఈ పరిశీలన ఎందుకు ముందుకు సాగలేదు? దానిని అర్థం చేసుకునే సిద్ధాంతం అప్పటికి లేదు. 1900లో డ్రూడె ప్రతిపాదించిన ఎలక్ట్రాన్ వాయు నమూనా లోహాలకు ఉద్దేశించినది. అర్ధవాహకాలను పట్టీ సిద్ధాంతంతో విల్సన్ వివరించినది 1931లో. పైగా కాడ్మియం ఆక్సైడు శక్తి అంతరం తక్కువ కావడంతో పొర పసుపు, గోధుమ ఛాయలలో ఉంటుంది; కాడ్మియం విషపూరితం. అన్నిటికీ మించి, అటువంటి పొర కావాలని అడిగినవారు ఆనాడు ఎవరూ లేరు. యేనా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైన బెడెకర్ మొదటి ప్రపంచయుద్ధం ఆరంభ దినాలలోనే, 1914 ఆగస్టులో లియేజ్ వద్ద మరణించారు.

4. వేడి పుట్టించే గాజు

టిన్ ఆక్సైడు పొర ప్రయోగశాలలో పుట్టలేదు. వేడి గాజుపై టిన్ క్లోరైడు వంటి లోహ లవణాలను చల్లితే ఇంద్రధనుస్సు ఛాయలు తేలుతాయని పంతొమ్మిదో శతాబ్దపు గాజు కళాకారులకే తెలుసు. అమెరికాలో తర్వాతి కాలంలో ‘కార్నివాల్ గాజు’గా పేరుపొందిన పాత్రలు మార్కెట్టుకు వచ్చినది కూడా బెడెకర్ పత్రం వెలువడిన 1907 ప్రాంతంలోనే. ఆ పాత్రల మెరుపు వెనుక ఆక్సైడ్ పొరలే ఉన్నాయి. పొర కంటికి కనిపించింది. దాని విద్యుత్ గుణాన్ని కొలవాలని ఎవరికీ తోచలేదు.

ఈ పనితనం విద్యుత్ పరిశ్రమ చేతికి 1930లలో వచ్చింది. విద్యుద్బంధకాలకు వాహక పూత విషయమై కార్నింగ్ సంస్థకు చెందిన లిటిల్టన్‌కు 1938లో పేటెంటు లభించింది. రెండో ప్రపంచయుద్ధం అసలు అవసరాన్ని తెచ్చింది. ఎత్తున ఎగిరే విమానాల ముందు అద్దాలపై మంచు పేరుకుంటే చోదకునికి దారి కనిపించదు. అద్దంలో తీగలు అమర్చితే అవే చూపుకు అడ్డు. అద్దం ఉపరితలమే వేడెక్కాలి. అయినా పారదర్శకంగా ఉండాలి. టిన్ ఆక్సైడు పూతలో విద్యుత్తును పంపి మంచును కరిగించడం ఇందుకు పరిష్కారమైంది.

ఆ కాలపు పేటెంట్లను వరుసగా పెట్టి చూస్తే పోటీ ఎంత తీవ్రంగా సాగిందో తెలుస్తుంది. లిబీ-ఓవెన్స్-ఫోర్డ్ సంస్థకు చెందిన హెరాల్డ్ మెక్‌మాస్టర్‌కు 1947లో, ఫ్లోరిన్ మాదీకరణంతో కూడిన టిన్ ఆక్సైడుకు పిట్స్‌బర్గ్ ప్లేట్ గ్లాస్ సంస్థకు చెందిన లిటిల్, యుంగెలకు 1951లో పేటెంట్లు లభించాయి. ఆంటిమొని కలిపిన టిన్ ఆక్సైడు, టిన్ కలిపిన ఇండియం ఆక్సైడు రెండూ కార్నింగ్ సంస్థకు చెందిన మోచెల్ పేటెంట్లలో చోటుచేసుకున్నాయి. ఈ నలుగురి వెనుకనున్నవీ గాజు కంపెనీలే.

ఇక్కడ గమనించవలసిన విషయమొకటున్నది. నేడు మనం ఇండియం టిన్ ఆక్సైడు అని పిలిచే పదార్థం 1951 నాటికే అందుబాటులో ఉన్నా, దానికి గిరాకీ ఏర్పడలేదు. అద్దాన్ని వేడి చేయడానికి అత్యల్ప నిరోధం అక్కరలేదు. గీతలకు, వానకు, ఆమ్లాలకు తట్టుకునే దృఢత్వం కావాలి. చౌకగా పెద్ద విస్తీర్ణంలో పూయగలగాలి. ఈ రెండింటిలోనూ టిన్ ఆక్సైడుదే పైచేయి.

5. వేడిని నిలిపే గాజు

1960లలో పొర మూడో గుణం అక్కరకు వచ్చింది. అల్పపీడన సోడియం దీపం ఉత్తమంగా వెలగాలంటే దాని లోపలి గొట్టం దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండాలి. ఆ ఉష్ణోగ్రతను నిలపడానికే చాలా శక్తి వికిరణ రూపంలో వృథా అయ్యేది. ఫిలిప్స్ పరిశోధకులు గ్రోత్, కావర్ దీపపు బయటి గాజుకు లోపలి వైపున మొదట టిన్ ఆక్సైడు, తర్వాత ఇండియం ఆక్సైడు పొరలను పూయించారు. 589 నానోమీటర్ల పసుపు కాంతి బయటకు వచ్చింది. పరారుణం వెనక్కు మళ్లి గొట్టాన్నే వేడిగా ఉంచింది. ఈ పద్ధతిపై అభివృద్ధి చెందిన దీపాలు వాట్‌కు 180 ల్యూమెన్లకు మించిన సామర్థ్యాన్ని అందుకున్నాయి.

ఈ దీపంలోని పొరకు విద్యుత్ తీగ ఎక్కడా తగలదు. వాహకతను ఇక్కడ వాడుకోలేదు. ఆ వాహకతకు కారణమైన ఎలక్ట్రాన్ల కాంతి ప్రవర్తనను వాడుకున్నారు. 1970ల ఇంధన సంక్షోభం తర్వాత చలిదేశాల కిటికీ అద్దాలకు వర్తించినదీ ఇదే సూత్రం. ఫ్లోట్ గాజు తయారయ్యే వరుసలోనే, గాజు ఇంకా వేడిగా ఉండగానే, ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడును రసాయన బాష్ప నిక్షేపణం ద్వారా పూసే విధానం స్థిరపడింది. హార్వర్డ్ రసాయనశాస్త్రవేత్త రాయ్ గోర్డన్ కృషి ఇందులో ముఖ్యమైనది.

6. బొమ్మ చూపే గాజు

1968లో ఆర్‌సీఏ సంస్థ ద్రవస్ఫటిక ప్రదర్శన ఫలకాలను ప్రకటించింది. 1970–71లో షాట్, హెల్‌ఫ్రిష్ మెలి తిరిగిన నెమాటిక్ అమరికను ప్రతిపాదించారు. 1973లో షార్ప్ సంస్థ ద్రవస్ఫటిక తెరగల జేబు గణనయంత్రాన్ని విక్రయించింది. ఈ తెరలలో ద్రవస్ఫటికానికి ఇరువైపులా పారదర్శక విద్యుద్ద్వారాలు ఉండాలి. అంకెలు, అక్షరాలు కనిపించాలంటే ఆ పొరను చిన్న చిన్న ఖండాలుగా చెక్కాలి.

ఇంతకాలం టిన్ ఆక్సైడుకు బలమైన ఆమ్ల నిరోధమే ఇక్కడ దాని బలహీనతగా మారింది. టిన్ ఆక్సైడును ఆమ్లంతో చెక్కడం కష్టం. ఇండియం టిన్ ఆక్సైడును సులభంగా చెక్కవచ్చు. రంగు తెరలు వచ్చాక మరో కారణం తోడైంది. కర్బన రంగు వడపోతలు అధిక ఉష్ణోగ్రతను భరించలేవు. టిన్ ఆక్సైడుకు నాణ్యత రావాలంటే గాజు బాగా వేడిగా ఉండాలి. ఇండియం టిన్ ఆక్సైడును స్పటరింగ్ పద్ధతిలో తక్కువ ఉష్ణోగ్రత వద్దనే మంచి వాహకతతో నిక్షేపించవచ్చు. వాసెన్ 1971లో, ఫ్రేజర్, కుక్ 1972లో ప్రచురించిన పత్రాలు స్పటరింగ్ విధానానికి బాట వేశాయి.

ఇండియం టిన్ ఆక్సైడు ఆధిపత్యానికి దాని అత్యుత్తమ వాహకత ఒక్కటే కారణమన్న అభిప్రాయాన్ని ఈ ఘట్టం సవరిస్తుంది. చెక్కడానికి అనుకూలత, అల్ప ఉష్ణోగ్రత నిక్షేపణం అనే రెండు తయారీ లక్షణాలు దానిని తెరలకు తప్పనిసరి చేశాయి. 2007 తర్వాత విస్తరించిన స్పర్శ తెరలు ఆ స్థానాన్ని మరింత బలపరిచాయి.

7. కొలమానం కోసం అన్వేషణ

అనేక పదార్థాలు, అనేక పద్ధతులు పోటీపడుతున్నప్పుడు ఏది మేలో తేల్చడం ఎలా? పారగమ్యతను పొర నిరోధంతో నేరుగా భాగిస్తే మందమైన పొరలకు అన్యాయమైన మొగ్గు వస్తుంది. అమెరికన్ సయనమిడ్ సంస్థకు చెందిన హాకె 1976లో పారగమ్యత పదో ఘాతాన్ని పొర నిరోధంతో భాగించే యోగ్యతా సూచిని ప్రతిపాదించారు. పారగమ్యత సుమారు 90 శాతం ఉన్న మందం వద్ద ఈ సూచి గరిష్ఠమవుతుంది.

ఉదాహరణకు, ఒక పొర పారగమ్యత 0.90, నిరోధం చదరానికి 10 ఓమ్‌లు అనుకుంటే సూచి సుమారు 0.035. మరొక పొర నిరోధం సగానికి, అంటే 5 ఓమ్‌లకు తగ్గి, పారగమ్యత 0.80కి పడిపోతే సూచి 0.021 మాత్రమే. నిరోధాన్ని సగం చేసినా రెండో పొర వెనుకబడింది.

ఈ సూచి నేటికీ సిద్ధాంత గ్రంథాలలో విరివిగా కనిపిస్తుంది. అయితే అది కొలిచేది రెండు గుణాలనే. చెక్కగలగడం, దృఢత్వం, వెల, విషప్రభావం, నిక్షేపణ ఉష్ణోగ్రత వంటివి అందులో లేవు. చరిత్రలో ఎంపికను నిర్ణయించినవి తరచుగా ఇవే కావడం గమనార్హం. రాయ్ గోర్డన్ 2000లో పారదర్శక వాహకాల ఎంపిక ప్రమాణాలపై రాసిన వ్యాసంలో ఈ గుణాలను ఒక్కొక్కటిగా చర్చించి, అన్ని అవసరాలకూ సరిపడే ఏకైక పదార్థం లేదని చూపారు.

8. భారతీయ ప్రయోగశాలల పాత్ర

శూన్యయంత్రాలు ఖరీదైన కాలంలో భారతీయ పరిశోధకులు మరో దారి ఎంచుకున్నారు. లోహ లవణ ద్రావణాన్ని వేడి గాజుపై తుంపరగా చల్లి ఆక్సైడు పొరను పొందే స్ప్రే పైరాలిసిస్ పద్ధతికి అధిక శూన్యం అవసరం లేదు. ఢిల్లీ ఐఐటీలో కస్తూరిలాల్ చోప్రా నెలకొల్పిన పలుచని పొరల ప్రయోగశాల ఈ పద్ధతిని శాస్త్రీయ స్థాయికి తీసుకువెళ్లింది. ఆంటిమొని కలిపిన టిన్ ఆక్సైడు పొరలపై శాంతి, దత్తా, బెనర్జీ, చోప్రా 1980లో వెలువరించిన పత్రం ఇందుకు నిదర్శనం. 1983లో చోప్రా, మేజర్, పాండ్య ‘థిన్ సాలిడ్ ఫిల్మ్స్’ పత్రికలో ప్రచురించిన సమీక్షా వ్యాసం ప్రపంచవ్యాప్తంగా ఈ రంగానికి ప్రామాణిక ఆధారమైంది. మరుసటి ఏడాది దావర్, జోషి వెలువరించిన సమీక్ష కూడా భారతదేశం నుండి వచ్చినదే.

తెలుగునాట తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం పలుచని పొరల పరిశోధనకు దశాబ్దాలుగా కేంద్రంగా ఉన్నది. బాష్పీభవనం, స్పటరింగ్ పద్ధతులలో ఆక్సైడ్ పొరలపై అక్కడ పని జరిగింది. ఈ కృషిని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. పరికరాల కొరత భారతీయ పరిశోధకులను ఈ రంగం నుండి దూరం చేయలేదు. కొరతకు తగిన పద్ధతిని ఎంచుకుని వారు దానిలో ముందు వరుసకు చేరారు. అయితే ఆ జ్ఞానం దేశీయ తెరల పరిశ్రమగా అదే స్థాయిలో రూపొందలేదన్నది కూడా ఒప్పుకోవలసిన సంగతి.

9. నీలిరంగు లోహానికి చెల్లిస్తున్న వెల

1863లో జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో ఫెర్డినాండ్ రైష్, థియోడోర్ రిష్టర్ జింకు ఖనిజాన్ని పరీక్షిస్తూ వర్ణపటంలో ప్రకాశవంతమైన నీలి గీతను చూశారు. రైష్‌కు వర్ణాంధత్వం ఉండడంతో ఆ గీతను గుర్తించినది రిష్టర్. నీలిమందుకు పాశ్చాత్యుల పేరైన ‘ఇండిగో’ నుండి ఇండియం అన్న పేరు వచ్చింది. ఆ రంగు ఇండియా నుండి వచ్చినందువల్లనే లాటినులో దానికి ఆ పేరు. ఇలా భారతదేశపు పేరు ఆ లోహంలో పరోక్షంగా నిలిచి ఉన్నది.

ఇండియానికి సొంత గనులంటూ దాదాపు లేవు. జింకు శుద్ధిలో ఉపఉత్పత్తిగానే అది లభిస్తుంది. కనుక గిరాకీ పెరిగినంత మాత్రాన ఉత్పత్తి పెరగదు. జింకు ఉత్పత్తి దానికి హద్దు విధిస్తుంది. 2002–2005 మధ్య చదునైన తెరల గిరాకీతో దాని ధర అనేక రెట్లు పెరిగింది. ఐరోపా సంఘం 2010లో ప్రకటించిన 14 కీలక ముడిపదార్థాలలో, భారత ప్రభుత్వం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాలలో ఇండియం ఉన్నది. 2025 ఫిబ్రవరిలో ప్రధాన ఉత్పత్తిదారైన చైనా దాని ఎగుమతులపై నియంత్రణ విధించింది.

వెల ధరలో మాత్రమే లేదు. ఇండియం టిన్ ఆక్సైడు ఫలకాలను నూరి నునుపుచేసే పనిలో ఉన్న ఒక కార్మికునికి ఊపిరితిత్తుల వ్యాధి సోకి మరణించిన ఉదంతాన్ని జపాన్ వైద్యులు 2003లో నమోదు చేశారు. గాజుపై స్థిరపడిన పొర వల్ల వాడుకరికి ప్రమాదం లేదు. పొరకు ముందు దశలోని ధూళి, ఆ ధూళిని పీల్చే మనిషి ఊపిరితిత్తులు – ఇవి యోగ్యతా సూచిలో కనిపించవు. కాడ్మియం విషయంలో ముందే తెలిసిన ప్రమాదం, నిరపాయకరమనుకున్న ఇండియం విషయంలో ఆలస్యంగా బయటపడింది.

10. ప్రత్యామ్నాయాల మార్గం

అల్యూమినియం కలిపిన జింకు ఆక్సైడు చౌక, విషరహితం. 1980లలో మినామి బృందం దీనిని మంచి వాహకతతో తయారుచేసింది. తేమకు, ఆమ్లాలకు త్వరగా లోనుకావడం దాని లోపం. ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడు అధిక ఉష్ణోగ్రతలను తట్టుకుంటుంది. 1991లో ఓరెగన్, గ్రెట్జెల్ ప్రకటించిన రంజక సౌరకణాలలో, తర్వాతి పెరోవ్‌స్కైట్ కణాలలో అది స్థానం సంపాదించినది అందువల్లనే. కాడ్మియం టెలురైడు సౌరఫలకాలూ దానిపైనే ఆధారపడ్డాయి. యుద్ధకాలంలో టిన్ ఆక్సైడు పూతపై పనిచేసిన మెక్‌మాస్టర్ 1990లో స్థాపించిన సంస్థే తర్వాత ఫస్ట్ సోలార్‌గా మారింది. దాని ఫలకాలు తమిళనాడులోనూ తయారవుతున్నాయి. విమానపు అద్దం నుండి సౌరఫలకం వరకు ఒకే వ్యక్తి జీవితంలో ఒకే పదార్థం సాగించిన ప్రయాణమిది.

1997లో హోసోనో బృందం రంధ్రవాహక స్వభావంగల పారదర్శక కాపర్ అల్యూమినియం ఆక్సైడును ప్రకటించింది. దాని వాహకత ఇండియం టిన్ ఆక్సైడు కంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. అయినా పూర్తిగా పారదర్శకమైన సంధులు సాధ్యమేనన్న ఆశ దానివల్ల కలిగింది. అదే బృందం 2004లో ప్రకటించిన అస్ఫాటిక ఇండియం గాలియం జింకు ఆక్సైడు ట్రాన్సిస్టరు తెరల పరిశ్రమలోకి నేరుగా ప్రవేశించింది. ఇండియాన్ని తగ్గించాలన్న అన్వేషణ సాగుతుండగానే ఇండియానికి మరో కొత్త వినియోగం తోడైంది.

11. ముగింపు

పై పరిశీలన నుండి తేలే అంశాలు ఇవి:

• పారదర్శక వాహక ఆక్సైడుల చరిత్రలో కనుగొనడం, వినియోగించడం, వివరించడం ఒకే క్రమంలో జరగలేదు. కాడ్మియం ఆక్సైడు విషయంలో పరిశీలన ముందు వచ్చింది; టిన్ ఆక్సైడు విషయంలో పనితనం ముందు వచ్చింది.

• వేడి పుట్టించడం, వేడిని నిలపడం, సంకేతాన్ని చూపడం, సౌరవిద్యుత్తును సేకరించడం అనే అవసరాలు వేర్వేరు ధర్మాలను కోరాయి. అందుకే ఒక పదార్థం మరొకదానిని పూర్తిగా తొలగించలేదు.

• ఒక అవసరానికి బలమైన గుణం మరో అవసరానికి లోపమైంది. టిన్ ఆక్సైడు ఆమ్ల నిరోధమే ఇందుకు సాక్ష్యం.

• సంఖ్యారూప యోగ్యతా సూచి ఎంపికకు అవసరమే గాని చాలినది కాదు. లభ్యత, తయారీ విధానం, కార్మికుల ఆరోగ్యం కూడా ధర్మాలుగానే లెక్కకు రావాలి.

కనుక ‘ఇండియం టిన్ ఆక్సైడుకు ప్రత్యామ్నాయం ఏది?’ అన్న ప్రశ్నకు ఒకే సమాధానం దొరకదు. ‘ఏ పనికి, ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎవరి చేతులమీదుగా?’ అన్న ప్రశ్నలు ముందు రావాలి. కొత్త పొరలపై పరిశోధన చేపట్టేవారు సిద్ధాంత గ్రంథపు మొదటి పుటలో ఆ ప్రశ్నలకు చోటిస్తే, చివరి పుటలోని యోగ్యతా సూచికి అర్థం చేకూరుతుంది.